పటంలో కనబడని వరుస

నాయనమ్మ తలకు పెట్టిన రంగు కడగాల్సిన సమయం దాటి పదకొండు నిమిషాలైంది.

టైమరు మోగింది. మోగి మోగి, తన గోడు వినే నాథుడు లేడని గ్రహించి తనే ఊరుకుంది. వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, మెడ చుట్టూ పాత తువ్వాలు, నెత్తి మీద పల్చటి ప్లాస్టిక్ టోపీతో నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వెనక మనవరాలు నిలబడి ఉంది. చేతి తొడుగులు ఇంకా తీయలేదు. భోజనాల బల్ల దగ్గర కోడలి చేతిలో లైసెన్సుల బోర్డు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. కొడుకు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇంట్లో గొడవ వచ్చినప్పుడల్లా గోడకు చేరడం ఆయన అలవాటు. వృత్తి కూడా అలాంటిదే.

వీధిలో ఆయన్ని పటాలాయన అంటారు. పటాలం నడిపినవాడని కాదు, పటాలు కట్టేవాడని. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు, పట్టాలు, పోయిన పెద్దలు ఆయన చేతుల మీదుగానే గోడలెక్కుతున్నారు. ఆయన భార్య మందుల షాపులో కౌంటరు చూస్తుంది. ఆవిడ మందలించడం మొదలుపెడితే మాత్రం దానికి ఆ షాపులో కూడా మందు దొరకదు. ఇక కూతురు మూడేళ్ల వయసు నుంచీ కనబడిన ప్రతి తలనూ దువ్వబోయేది కాబట్టి ఇంట్లో దువ్వెనగా స్థిరపడింది.

ఉత్తరంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. మందులావిడ వాటిని రెండుసార్లు పైకి చదివింది. లైసెన్సు కోసం దువ్వెన పెట్టుకున్న దరఖాస్తు అందింది. ఆమె పదిహేను వందల గంటలు పూర్తిచేసిన బ్యూటీ స్కూలు పేరు గుర్తింపు ఉన్న స్కూళ్ల జాబితాలో లేదు. గుర్తింపు అమల్లో ఉన్న రోజుల్లో చేసిన గంటలేమైనా ఉంటే రుజువు తెచ్చి, గుర్తింపు ఉన్న వేరే స్కూలుకు మార్పించుకోవచ్చు. అందుకు ఆఖరు రోజు శుక్రవారం, ఆ తర్వాత ఒక్క గంటా చెల్లదు.

ఆ రోజు మంగళవారం.

"అయితే పద్నాలుగు నెలలు నేను ఎక్కడికెళ్లొచ్చాను?" అంది దువ్వెన.

పటాలాయన గోడ దగ్గర్నుంచే ఆ స్కూలుకు గుర్తింపు ఉందన్నాడు. ఆఫీసులో ఎవరో పేరు తప్పుగా కొట్టి ఉంటారన్నాడు. జాబితాలన్నాక జారిపడే పేర్లుంటాయన్నాడు. మీకెలా తెలుసని భార్య అడిగింది.

"నేనే కట్టాను," అన్నాడు. "ఆ గుర్తింపు పత్రానికి పటం కట్టింది నేను. దళసరి కాగితం, బంగారు అంచు, ఉబ్బెత్తు ముద్ర. వేలితో తడిమి మరీ చూశాను."

పద్నాలుగు నెలల క్రితం కూడా ఈ ఇంట్లో చెల్లిన మాట ఇదే. అప్పుడు రెండు స్కూళ్లు ఆలోచనలో ఉండేవి. ఒకటి బస్సు డిపో వెనక పాత గోడౌనులో ఉంది. అక్కడ సింకులు కారుతుంటాయి, కుర్చీల రెగ్జిను చిరిగినచోట టేపు అంటించి ఉంటుంది, ఆఫీసు తలుపు వెనక ఒకే ఒక్క కాగితం గుండుసూదితో గుచ్చి ఉంటుంది. రెండోది మెయిన్ రోడ్డు మీద ఉంది. మెట్లెక్కగానే ఏసీ, మూడు గోడలకు నిలువుటద్దాలు, నాలుగో గోడకు ఒకే కొలతలో మూడు పటాలు.

గోడౌను స్కూలు కూడా ఒకసారి చూసొద్దామని అప్పట్లో మందులావిడే అంది. కాగితానికే మర్యాద ఇవ్వనివాళ్లు పిల్లలకేం ఇస్తారని పటాలాయన తేల్చేశాడు. అందం నేర్పే చోటు అందంగా ఉండాలన్నాడు. అందంగానే ఉంది, అందాల్సిందే అందలేదు. ఆనాడు తీసిపారేసిన గుండుసూది ఇవాళ ఇంటిల్లిపాదికీ తలా కాస్త గుచ్చుకుంది.

మందులావిడ ఉత్తరాన్ని మడతపెట్టింది. మడత మీద గోరుతో గీసింది.

"మాత్రల అట్ట మెరుస్తోంది కదా అని నేనెవరికీ మందు ఇవ్వను. వెనక్కి తిప్పి తేదీ చూస్తాను. మీ మాటను మాత్రం తిప్పి చూడలేదు. అది నా తప్పే."

ఆవిడ తప్పు ఒప్పుకున్నదంటే అవతలివాళ్లకు మూడిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పటాలాయన గోడకు ఇంకొంచెం అతుక్కున్నాడు. అమ్మ పక్క నిలబడాలో నాన్న పక్క నిలబడాలో తెలియక దువ్వెన నాయనమ్మ వెనకే ఉండిపోయింది.

"ఒరే, తప్పులు తర్వాత పంచుకోండి," అంది నాయనమ్మ. "ముందు నా మాడు సంగతి చూడండి. మండిపోతోంది."

అప్పుడుగాని ఎవరికీ రంగు గుర్తుకు రాలేదు. దువ్వెన ఆవిణ్ణి సింకు దగ్గరకు నడిపించుకెళ్లి కడిగింది. నీళ్లు మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకుంది. చెవుల మీద అరచెయ్యి అడ్డుపెట్టింది. చూసినవాళ్లెవరైనా ఈ పిల్లకు పని రాదని అనలేరు. పెట్టె మీద రంగు ముదురు గోధుమ. తల మీద తేలింది నిగనిగలాడే వంకాయ. నాయనమ్మ అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

"పోనీలే. ఇన్నేళ్ల బతుకులో నాకింత గుర్తింపు ఎప్పుడూ రాలేదు," అంది.

నవ్వాల్సింది దువ్వెన. ఆ పిల్ల నవ్వకుండా తువ్వాలు పిండింది.

సాయంత్రం ప్రిన్సిపల్ మేడమ్‌కు ఫోను చేశారు. స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచి, చుట్టూ ముగ్గురూ వంగారు. మేడమ్ గొంతు ఎప్పటిలాగే క్రీము రాసినట్టుంది. బోర్డువాళ్ల ఉత్తరాలను పట్టించుకుని బెంగపడొద్దంది. అంతా పనిలో ఉందంది. ఏ పనిలో అని మందులావిడ అడిగితే, ప్రాసెస్‌లో అంది. పోనీ గుర్తింపు పత్రం నకలు ఇస్తారా అంటే, దాచుకోవడానికేముంది, గోడ మీదే ఉంది, వచ్చి ఎన్ని ఫొటోలైనా తీసుకోమంది.

ఆ మాటతో పటాలాయన కాస్త నిటారుగా నిలబడ్డాడు. చూశారా అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ చూడలేదు. భోజనాల్లో ముగ్గురికీ ఉప్పు అవసరమైంది, ఎవరూ అడగలేదు. చివరికి నాయనమ్మే ఉప్పు డబ్బాను ముగ్గురి ముందూ ఊరేగించింది.

*

బుధవారం పొద్దున బోర్డు ఆఫీసులో వాళ్ల టోకెను తొమ్మిది. మందులావిడ సగం పూట సెలవు పెట్టింది. పటాలాయన షాపు షట్టరు ఎత్తలేదు. దువ్వెన ఒళ్లో ఫైలుంది. అందులో నెలకొకటి చొప్పున పద్నాలుగు హాజరు పట్టికలున్నాయి. ఏ రోజు ఎన్ని గంటలు, ఏ పని, ఏ టీచరు అన్నీ రాసి ఉన్నాయి.

కౌంటరు వెనక ఉన్నావిడ కళ్లద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. ఆవిడ ఒక చేత్తో కాగితాలకు ముద్రలు వేస్తూనే, ఉత్తరాన్ని రెండో చేత్తో అందుకుంది. స్కూలు పేరు చూడగానే ముద్ర ఆపింది. ఈ వారంలో ఈ స్కూలువాళ్లు మీరు నాలుగోవాళ్లంది.

పటాలాయన ముందుకు వంగి, ఆ స్కూలు గోడకు ఒకటి కాదు, మూడు పత్రాలున్నాయని చెప్పాడు. మూడూ తనే కట్టానని మాత్రం, ఎందుకనో, చెప్పలేదు.

"మూడూ ఉంటాయండీ. మొదటిది షాపు తెరుచుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చేది. రెండోది వాళ్ల సంఘానికి చందా కట్టారని. మూడోదే మాది." ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది. "గుర్తింపు అంటే స్కూలు అందంగా ఉందని కాదు. బయటివాళ్లు నలుగురు వెళ్తారు. ఎన్ని కుర్చీలకు ఎన్ని సింకులు, ఎంతమంది పిల్లలకు ఒక టీచరు, రాసిన గంటలు నిజంగా చేయిస్తున్నారా లేదా, అన్నీ చూస్తారు. చూసి, ఇక్కడ చేసిన గంట ఇంకెక్కడైనా గంటే అని మాటిస్తారు. అంతే. ఆ మాటకు గడువుంటుంది. గడువయ్యాక మళ్లీ వెళ్లి చూడాలి. వీళ్లది గడువు అయిపోయింది. నోటీసులిచ్చి, మూడు నెలల క్రితం జాబితాలోంచి తీసేశాం."

మందులావిడ తల ఊపింది. ఆవిడకు ఇందులో కొత్తేమీ లేదు. గడువు దాటితే చక్కెర పూసిన మాత్రైనా చెత్తబుట్టలోకే.

గడువు ఏ తేదీతో ముగిసిందని దువ్వెన అడిగింది. ఆ తేదీ లోపల చేసిన గంటలు బతికినట్టే కదా అంది. అవునంది కౌంటరావిడ. ఆ తేదీ బోర్డు రికార్డుల్లో ఉంది. రికార్డుల విభాగం ఇంకో బిల్డింగులో ఉంది. అక్కణ్ణుంచి కాగితం రావడానికి పది రోజులు పడుతుంది. అంతకన్నా దగ్గరి దారి స్కూలు గోడ మీద ఉంది. ఒరిజినల్ పత్రం ఫొటో, తేదీ కనబడేలా, చాలు. దానికి తోడు ఆ తేదీ వరకూ ఉన్న హాజరు పట్టికల్లో ప్రతిదాని మీదా ప్రిన్సిపల్ సంతకం కావాలి.

ఫొటో తన దగ్గరే ఉందని దువ్వెన ఫోను తీసింది. చేరిన రోజు, జూన్ మూడున, అమ్మ తీసింది. కొత్త యూనిఫాం వేసుకుని దువ్వెన మూడు పటాల కింద నిలబడి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. కౌంటరావిడ ఆ నవ్వును పక్కకు జరిపి, పటాన్ని పెద్దది చేసింది.

"పేరుంది. ముద్ర ఉంది. సంతకాలు రెండున్నాయి. సంతకాల కింద ఒక వరుసుండాలి, గుర్తింపు ఫలానా తేదీ వరకూ అని. ప్రతి పత్రం మీదా అచ్చువేస్తాం. ఇందులో ఏదండీ?"

ఫోను చేతులు మారి పటాలాయన దగ్గరకు వచ్చింది. సంతకాల కింద కాగితం లేదు. దంతపు రంగు అట్ట ఉంది. కాగితానికి, పటం చుట్టూ ఉండే చెక్క బీడింగుకు మధ్య నలువైపులా కిటికీలా కోసి పెట్టే ఆ అట్టను ఆయన వ్యాపారంలో మౌంటు అంటారు. మౌంటు లోపలి అంచు ఏటవాలుగా, ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ పోకుండా తెగి ఉంది. ఎవరి చేతిరాత వాళ్లకు తెలిసినట్టు, ఆయనకు తన చేతికోత తెలిసింది. ఆ పూట ఆ ఆఫీసులో ఏ రుజువూ అడక్కుండా జరిగిన గుర్తింపు అదొక్కటే.

ఆయన ఫోను తిరిగి ఇచ్చేశాడు. బస్సులో ముగ్గురికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. అందులో సంతోషించాల్సిందేమీ కనబడలేదు.

*

మధ్యాహ్నం పటాలాయన షాపు తెరిచి, ఎవరికీ ఏమీ కట్టకుండా, కొలతల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గోడకు నిలువుగా బీడింగు కర్రలు, బల్ల కింద మౌంటు ముక్కలు, తీసుకెళ్లేవాళ్లు రాక ఏడాదిగా నవ్వుతూనే ఉన్న ఒక పెళ్లిజంట. డ్యూటీకి వెళ్తూ మందులావిడ లోపలికి వచ్చింది. ఆమె వెనకే దువ్వెన వచ్చింది. రేపు స్కూలుకు తనతో రమ్మని నాన్నను అడగడానికి వచ్చింది.

అడగకముందే ఆయన పుస్తకం తిప్పి వాళ్ల వైపు జరిపాడు. పేజీలో ఆయన రాతలోనే ఉంది. స్కూలు, మూడు పటాలు, ఒకే సైజు. మౌంటు వెడల్పు పైన మూడు వేళ్లు, ఇరుపక్కలా మూడు, కింద నాలుగు.

కింద ఒక వేలు ఎక్కువెందుకని దువ్వెన అడిగింది. పటం కట్టేవాళ్లందరూ అలాగే చేస్తారని ఆయన చెప్పాడు. నాలుగు వైపులా సమానంగా వదిలితే బొమ్మ కిందకి జారిపోతున్నట్టు కనబడుతుంది. కింద ఒక వేలు ఎక్కువిస్తే కుదురుగా కూర్చుంటుంది. ఆయన గురువు ఆయనకు మొదటి రోజున నేర్పిన పాఠం అది. అయితే ఆ మూడు కాగితాల్లో బోర్డువాళ్లది మిగతావాటికన్నా పొడుగు. మూడు పటాలూ ఒకే కొలత ఉండాలి. కిందా ఒక వేలు ఎక్కువ వదలాలి. అన్నీ కుదరాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి. పైగా ఆ చివరి వరుస అచ్చులోనే కాస్త వంకరగా పడింది.

"మేడమ్ కప్పెయ్యమన్నారా?" అంది మందులావిడ.

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క అవునుకు ఆ గదిలో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు.

"లేదు," అన్నాడు. "కింద తేదీ పోతుందేమోనండీ అనే అన్నారావిడ. కనబడాల్సింది పేరు, ముద్ర, సంతకం మేడమ్, తేదీలు ఎవరు చూస్తారు అన్నాను. నేనే."

పెళ్లిజంట నవ్వుతూనే ఉంది. మందులావిడ చేతిసంచీ ఒక భుజం మీద నుంచి రెండో భుజం మీదకు మార్చుకుంది.

"నేను చూస్తాను," అంది. "పొద్దున్నించి సాయంత్రం దాకా నేను చేసే పనే అది."

అని డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరగలేదు. గొడవే నయమనిపించింది పటాలాయనకు. నాయనమ్మ రెండుసార్లు తన తల గురించి జోకు మొదలుపెట్టి, రెండుసార్లూ మధ్యలోనే వదిలేసింది. దువ్వెన హాజరు పట్టికలను నెలల వారీగా నేల మీద పరిచింది. ఏ నెల దగ్గర గీత గీయాలో తెలియక, మళ్లీ ఎత్తి ఫైల్లో పెట్టింది.

తెల్లారి పటాలాయన లేచేసరికి ఆయన పనిముట్ల సంచీ గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. సుత్తి, పట్టకారు, చిన్న మేకుల డబ్బా, కత్తి, టేపు, అన్నీ ఉన్నాయి. పైన ఆయనది కాని వస్తువు ఒకటుంది. మందుల షాపులో సన్న అక్షరాలు చదవడానికి భార్య వాడే భూతద్దం.

*

స్కూల్లో రిసెప్షనిస్టు, దువ్వెనతో వచ్చిన పటాలాయన్ని గుర్తుపట్టింది. గ్లాసు లోపల చెమ్మ చేరింది, తీసి తుడుస్తానని ఆయన చెప్పాడు. అందులో అబద్ధం కూడా లేదు, ఒక మూల నిజంగానే మసక పట్టింది. మేడమ్ పైన క్లాసులో ఉన్నారని చెప్పి, ఆ అమ్మాయి నిచ్చెన తెప్పించింది.

సోఫాలో బస్సు కండక్టరు యూనిఫాంలో ఒకావిడ కూర్చుని ఉంది. పక్కనే ఆవిడ కూతురు. తల్లి ఒళ్లో అట్ట పెట్టుకుని చేరిక ఫారం నింపుతోంది. ఆవిడ తల ఎత్తి గోడ చూసి, "మూడున్నాయే, చూడు," అంది కూతురితో, పటాలాయన ఒకప్పుడు అన్నంత నమ్మకంగా. కూతురు గోడ చూడలేదు. రాయడానికి వంగిన అమ్మ చెవి మీద ఒక పాయ జారుతుంటే, దాన్ని వేలికి చుట్టి క్లిప్పులో దూర్చే పనిలో ఉంది.

పటాలాయన మధ్యలో ఉన్న బోర్డువాళ్ల పటాన్ని దించి బల్ల మీద బోర్లా పెట్టాడు. బ్రౌన్ టేపు చీల్చాడు. చిన్న మేకులు పదహారు, ఒక్కొక్కటే పట్టకారుతో లాగి దువ్వెన అరచేతిలో పెట్టాడు. వెనక అట్ట తీశాడు. కాగితాన్ని వేళ్ల చివర్లతో ఎత్తాడు. మౌంటు పక్కకు వచ్చింది. అన్నాళ్లూ అట్ట కింద వెలుతురు తగలని ఆ వేలెడు జాగా మిగతా కాగితంకన్నా తెల్లగా ఉంది. అందులో కాస్త వంకరగా, చీమల బారులా ఒక వరుస ఉంది.

దువ్వెన భూతద్దం పెట్టి లోపల్లోపల చదువుకుంది. గుర్తింపు నిరుడు నవంబరు ముప్పై వరకూ.

జూన్ మూడు నుంచి నవంబరు ముప్పై. ఆమె ఫైలు తెరిచి మొదటి ఆరు పట్టికలు బయటికి తీసింది. కింద కూడికలు ముందే ఉన్నాయి. మొత్తం ఆరువందల నలభై రెండు గంటలు. అవి బతికి ఉన్నాయి. మిగతా ఎనిమిదివందల యాభై ఎనిమిది పోయాయి. కత్తెర పట్టడం, రంగు కలపడం ఆమె నేర్చుకున్నది పోయిన గంటల్లోనే. ఆ సంగతి చేతులకు చెప్పినా అవి నమ్మేలా లేవు.

ఆమె కాగితానికి ఫొటో తీసింది. అక్షరాలు చెదరకుండా రెండోది తీసింది. మూడోది తీస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

ప్రిన్సిపల్ మేడమ్ కిందికి వచ్చి, బల్ల మీద ఉన్న కాగితాన్ని, పక్కన ఉన్న మౌంటును, అరచేతిలో మేకులు పట్టుకున్న పిల్లను చూసింది. కేకలు వేయలేదు. బల్ల వెనక కుర్చీ లాక్కుని కూర్చుని, సోఫా దాకా వినబడని గొంతుతో చెప్పుకుంది. ఇద్దరు టీచర్లు ఒకేసారి మానేశారట. తనిఖీ వాయిదా పడిందట. కొత్త దరఖాస్తు పెట్టిందట, వచ్చే నెల వస్తారట. ముందే చెబితే ఉన్న పిల్లలు కూడా చెదిరిపోయేవాళ్లని ఎవరికీ చెప్పలేదట. అందులో ఎంత నిజమో ఏమో, చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో క్రీము మాత్రం లేదు.

తర్వాత చెయ్యి చాపింది.

"పట్టికలు ఇలా ఇవ్వమ్మా. సంతకాలు పెడతాను. నీ గంటలు నీకు పోవడం నాకు మాత్రం ఇష్టమా?" పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. "ఈలోగా మీరు పటం కట్టెయ్యండి. ఎప్పుడూ ఎలా ఉందో అలాగే. మీ పని నీటుగా ఉంటుంది."

బేరం అనే మాట ఎవరూ వాడలేదు. జూన్ పట్టిక మీద సంతకం పడింది. జూలై మీద పడింది.

పటాలాయన మౌంటు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు తెలియక చేశాడు. ఇప్పుడు తెలిసి చేయాలి. కూతురి ముఖం వైపు చూడకుండా కాగితం మీద దాన్ని సర్దాడు. వరుస మాయమైంది. పేరు, ముద్ర, సంతకాలు, కింద కుదురుగా నాలుగు వేళ్ల అట్ట. నిజంగానే అందంగా ఉంది.

ఆగస్టు మీద సంతకం పడింది.

దువ్వెన సోఫా వైపు చూసింది. కండక్టరావిడ ఫారం చివరి పేజీకి వచ్చింది. కూతురు అమ్మ జుట్టులో పాయ సరిచేసి, కాస్త వెనక్కి జరిగి, తల వంచి తన పని ఎలా వచ్చిందో చూసుకుంటోంది.

"అది వద్దు నాన్నా," అంది దువ్వెన.

మౌంటును తనే ఎత్తి, బల్ల కింద గోడకు ఆనించింది. పటాలాయన ఆమెను చూశాడు. బల్ల మీద పట్టికలను చూశాడు. ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. ఆమె అరచేతిలోంచి మేకులు తీసుకున్నాడు.

మౌంటు లేని పటంలో కాగితం ఓ పక్కకు జారింది. పైన గ్లాసు ఖాళీగా మిగిలింది, ఆ ఖాళీలోంచి వెనక అట్ట కనబడింది. ముద్ర బీడింగుకు తగులుకుంది. ఆయన ముప్పై ఏళ్లలో అంత వికారమైన పని ఎప్పుడూ చేయలేదు. దాన్ని ఎత్తి, నిచ్చెనెక్కి, మధ్య మేకుకు తగిలించాడు. దిగి కింద నుంచి ఒకసారి చూశాడు. కింది వరుస అచ్చు పడినంత వంకరగా, మొత్తం కనబడుతోంది.

సెప్టెంబరు మీద సంతకం సగంలో ఉన్న మేడమ్ తల ఎత్తింది. అలవాటు మీద సంతకం దానంతట అదే పూర్తయింది. పెన్ను అక్టోబరు పట్టిక మీదకు వచ్చి, కాగితానికి తగలకుండా ఆగింది.

కండక్టరావిడ ఫారం పట్టుకుని సోఫాలోంచి లేచింది. కొత్తగా వేలాడుతున్న ఆ వంకర పటం ముందు ఆగింది. కళ్లు చిట్లించి, వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చింది.

"కింద ఏదో రాసుంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను. ఏం రాశారో కాస్త చెబుతావా అమ్మా?" అని బల్ల దగ్గరున్న దువ్వెనను అడిగింది.

రిసెప్షనిస్టు టైపు చేయడం ఆపింది. మేడమ్ దువ్వెన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ప్రశ్న ఉంది. ఆవిడ చేతి కింద అక్టోబరు, దాని కింద నవంబరు ఉన్నాయి. రేపు శుక్రవారం.

దువ్వెన పటం దగ్గరకు నడిచి, కండక్టరావిడ పక్కన నిలబడింది. భూతద్దం అవసరం లేదు, ఆ వరుస ఆమెకు ఇప్పటికే నోటికి వచ్చు. అయినా వేలు గ్లాసుకు ఆనించి, మొదటి మాట దగ్గర పెట్టింది.

"ఈ గుర్తింపు..." అని మొదలుపెట్టింది.

వెనక బల్ల దగ్గర పెన్నుకు మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

దువ్వెన తేదీ దాకా చదివింది.